మీకు తెలుసా? ఫ్రీ అంటే ఎంత?

ఇంగ్లిష్ రానివాళ్లకు కూడా వచ్చిన ఇంగ్లిష్ మాట 'ఫ్రీ'. 'సాయంత్రం ఫ్రీయేనా?' అంటే ఖాళీయేనా అని. 'ఒకటి కొంటే ఒకటి ఫ్రీ' అంటే ఉచితం. 'ఫ్రీగా మాట్లాడు' అంటే మొహమాటపడకు అని. 'షుగర్ ఫ్రీ' అంటే చక్కెర లేనిది. మనం నాలుగు మాటలు వాడే చోట ఇంగ్లిష్‌కు ఒక్కటే చాలు. అరబ్బీ ఈ విషయంలో మన పక్షమే. స్వేచ్ఛకు 'హుర్ర్', పైసా తీసుకోకుండా ఇచ్చేదానికి 'మజ్జాని'. డ్యూటీ ఫ్రీ షాపును అరబ్బీలో 'సూఖ్ హుర్రా' అంటారు, అంటే స్వేచ్ఛా బజారు. మజ్జాని అని పొరపాటున కూడా రాయరు!

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో అడుగు పెట్టగానే ఎదురయ్యేది, వెళ్లేటప్పుడు చివరగా కనిపించేది ఈ ఫ్రీయే. ప్రపంచంలో తొలి డ్యూటీ ఫ్రీ షాపు 1947లో ఐర్లండ్‌లోని షానన్ విమానాశ్రయంలో వెలిసింది. దుబాయ్‌లో 1983 డిసెంబర్ 20న మొదలైన షాపు వెనుక కూడా ఐరిష్ బృందమే ఉంది. ఇంతకీ అక్కడ 'లేనిది' ఏమిటి? కస్టమ్స్ సుంకం. గల్ఫ్ దేశాల్లో చాలా సరుకుల మీద అది 5 శాతమే. సిగరెట్ల మీద 100 శాతం, మద్యం మీద 50 శాతం. అందుకే ఆ రెండింటి దగ్గర లాభం కళ్లకు కనిపిస్తుంది. చాక్లెట్లు, బాదంపప్పు మాత్రం దుబాయ్ ఊళ్లోని దేరాలోనో కరామాలోనో ముందే కొనుక్కున్నవాళ్లు నష్టపోయేది ఏమీ ఉండదు.

ఫ్రీ జోన్ సంగతీ అంతే. దుబాయ్‌లోని జెబెల్ అలీలో ఓడరేవు 1979లో, దాన్ని ఆనుకుని ఫ్రీ జోన్ 1985లో వచ్చాయి. అక్కడ లైసెన్సుకు డబ్బు కట్టాలి, గోడౌన్‌కు అద్దె కట్టాలి, వీసాకు ఫీజు కట్టాలి. మరి ఫ్రీ ఎక్కడుంది? యాజమాన్యంలో. 2021లో చట్టం మారేదాకా బయట కంపెనీ పెట్టాలంటే సాధారణంగా 51 శాతం వాటా స్థానికుడి పేరిట ఉండాలి. ఫ్రీ జోన్‌లో మాత్రం నూటికి నూరు శాతం మీదే. 2000లో తెరిచిన దుబాయ్ ఇంటర్నెట్ సిటీ కూడా ఇలాంటి జోనే. ఎమిరేట్స్‌కున్న 'ట్యాక్స్ ఫ్రీ' అన్న పేరు మాత్రం కాస్త మాసింది. జీతం మీద ఇప్పటికీ పన్ను లేదు కానీ, 2018 జనవరి 1 నుంచి కొన్న సరుకు మీద 5 శాతం వ్యాట్ పడుతోంది. 2023 జూన్ నుంచి 3,75,000 దిర్హాములు దాటిన కంపెనీ లాభంపై 9 శాతం పన్నూ వచ్చింది. ఫ్రీ జోన్ కంపెనీలకు కొన్ని షరతుల మీద సున్నా శాతం ఇంకా ఉంది.

ఫ్రీలాన్సర్లకు ఐదేళ్ల గ్రీన్ వీసా 2022 నుంచి ఇస్తున్నారు. ఆ మాటలోని 'లాన్స్' అంటే ఈటె! ఏ దొరకూ కట్టుబడకుండా కూలికి యుద్ధం చేసే ఈటెగాళ్లను వాల్టర్ స్కాట్ 'ఐవాన్‌హో' నవలలో అలా పిలిచాడు. ఇప్పుడు ఈటె స్థానంలో ల్యాప్‌టాప్ ఉంది, కూలి మాత్రం అప్పటిలాగే పని దొరికినప్పుడే.

అన్నిటికన్నా నాకు ముచ్చటేసేది ఈ మాట పుట్టుక. ఇంగ్లిష్ 'ఫ్రీ', 'ఫ్రెండ్', సంస్కృతం 'ప్రియ' ఒకే వేరు నుంచి వచ్చాయని భాషావేత్తలు తేల్చారు. ప్రేమించు అన్నది ఆ వేరు అర్థం. మనవాళ్లనుకున్నవాళ్లే ప్రియమైనవాళ్లు, బానిసలు కానివాళ్లు, అంటే ఫ్రీ. 'ఫ్రైడే'లో ఉన్న ఫ్రిగ్ దేవత పేరూ ఆ వేరుదే. దుబాయ్‌లో పార్కింగ్ కూడా చాలాకాలం ఫ్రైడేనే ఫ్రీ. వారాంతపు సెలవులు మారాక, 2022 జూలైలో ఆదివారానికి మార్చారు. మన తెలుగు ఇంకో మెలిక పెట్టింది. 'ఉల్లిపాయలు ప్రియమయ్యాయి' అంటే ధర మండిపోతోందని కదా. ఉచితమూ ప్రియమూ దూరపు చుట్టాలన్నమాట.

ఆ చుట్టరికం బాగా తెలిసిరావాలంటే ఫ్రీ వీసా సంగతి వినాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఊళ్లలో ఎవరైనా దుబాయ్ పోతున్నారంటే మొదటి ప్రశ్న 'కంపెనీ వీసానా, ఆజాద్ వీసానా?' ఆజాద్ అన్నా ఫ్రీ అన్నా ఒకటే. అన్నిటికన్నా ఎక్కువ డబ్బు గుంజేదీ అదే. కాగితం మీద ఒక కఫీల్, అంటే వీసా స్పాన్సర్, ఉంటాడు, అతని దగ్గర పని ఉండదు. 'నీ ఇష్టం ఉన్న చోట చేసుకోవచ్చు' అని ఏజెంట్ చెబుతాడు. రెన్యూవల్ వచ్చినప్పుడల్లా కఫీల్‌కు మళ్లీ సమర్పించుకోవాలి. తీరా చూస్తే ఎమిరేట్స్ చట్టంలో ఫ్రీ వీసా అనే రకమే లేదు. వీసా ఒకరిది, పర్మిట్ లేకుండా పని ఇంకొకరి దగ్గర అయితే అది నేరం. అలా పనిలో పెట్టుకున్న యజమానికి 2024లో జరిమానాను కనీసం లక్ష, గరిష్ఠంగా పది లక్షల దిర్హాములకు పెంచారు.

కఫీల్‌కు కోపం వచ్చి 'పారిపోయాడు' అని కేసు పెడితే మనిషి 'ఖల్లివల్లి' అయిపోతాడు. గల్ఫ్ అరబ్బీలో ఆ మాటకు 'పోనీలే, వదిలెయ్' అని అర్థం. క్యాంపుల్లో మనవాళ్ల నోట అది కాగితాలు లేని మనిషికి పేరైంది. వీసా చెల్లకుండా ఉన్న ప్రతి రోజుకూ 50 దిర్హాముల జరిమానా మీద పడుతూనే ఉంటుంది.

నిజంగా ఫ్రీగా రావలసింది మాత్రం చాలామంది అడగరు. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న ఎమిరేట్స్ కార్మిక చట్టం ప్రకారం పనివాణ్ని రప్పించే ఖర్చు యజమానిదే. దాన్ని పనివాడి దగ్గర నేరుగా గానీ చాటుగా గానీ వసూలు చేయకూడదు. ఇక్కడ మన దేశంలో రిజిస్టరైన ఏజెంట్ తీసుకోగలిగే సర్వీస్ చార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, ఆపైన జీఎస్టీ. లక్షలు అడిగితే మిగతాది దేనికో రసీదు మీద రాసిమ్మనాలి.

ఇంకొక ఫ్రీ ఉంది, టోల్ ఫ్రీ. ఎమిరేట్స్‌లో ఆపదలో ఉన్న భారతీయుల కోసం ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం పెట్టిన నంబరు 800 46342. గుర్తుపెట్టుకోవడం తేలిక: ఫోన్ కీప్యాడ్ మీద 'ఇండియా' స్పెల్లింగ్ నొక్కితే వచ్చేవి ఆ చివరి ఐదు అంకెలే.