సాక్షికి అండా? సంస్థకు కవచమా?

ప్రభుత్వోద్యోగి విచారణ సంఘం ముందు సాక్ష్యం చెప్పవలసి వచ్చినప్పుడు అతనికి ప్రజాధనంతో న్యాయవాదిని పెట్టడం తప్పా? తప్పు కాదనే నేనంటాను. ఉద్యోగధర్మంగా చేసిన పనికి సంజాయిషీ చెప్పుకోవడానికి ఒక కానిస్టేబులో, ఒక నర్సో జీతం డబ్బు ఖర్చు పెట్టుకోవాలనడం న్యాయం కాదు. కాని ఆ ఖర్చు సాక్షిని కాపాడుతున్నదా, సాక్షి చెప్పబోయే నిజం నుంచి సంస్థను కాపాడుతున్నదా అన్నది వేరే ప్రశ్న. ఈ ప్రశ్న వకీళ్లకే వదిలేయదగింది కాదు. వాంగ్మూలం కూడా ఒక రచనే. దాన్ని ఎవరు రాశారు, ఎవరు దిద్దారు, ఆ దిద్దుబాటు ఎవరికి మేలు చేసింది అని అడగకుండా దాన్ని చదవలేం. ఇంగ్లండులోని హిల్స్‌బరో ఉదంతం ఇందుకు తిరుగులేని ఉదాహరణ.

1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్ నగరంలోని హిల్స్‌బరో స్టేడియంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల మధ్య ఫుట్‌బాల్ సెమీ ఫైనల్ పోటీ జరిగింది. బయట జనం ఒత్తిడి పెరగడంతో బందోబస్తు అధికారి ఒక గేటు తెరిపించాడు. లోపలికి వచ్చినవాళ్లు అప్పటికే కిక్కిరిసి ఉన్న ఇనుప కంచెల మధ్య చిక్కుకున్నారు. నలిగి, ఊపిరాడక ప్రాణాలు పోగొట్టుకున్నవారు 97 మంది. ఆనాటి గాయాల ఫలితంగా చివరి వ్యక్తి 2021లో మరణించాడు. గేటును లివర్‌పూల్ అభిమానులే బద్దలు కొట్టారని ఆ అధికారి మొదట చెప్పాడు. అది అబద్ధం.

లార్డ్ జస్టిస్ టేలర్ అధ్యక్షతన బహిరంగ విచారణ మొదలైంది. అక్కడ పనిచేసిన పోలీసుల చేత తాము చూసింది చూసినట్టు తెల్ల కాగితాల మీద రాయించారు. ఆ కాగితాలు పోలీసు శాఖ తరఫు న్యాయవాదుల దగ్గరికి వెళ్లి, సూచనలతో తిరిగి వచ్చాయి. ఏం జరిగిందో 2012లో స్వతంత్ర సంఘం నివేదిక బయటపెట్టింది. 164 వాంగ్మూలాలను గణనీయంగా మార్చారు. వాటిలో 116 చోట్ల పోలీసు శాఖకు ప్రతికూలమైన మాటలను తీసేశారు, లేదా మార్చారు. పైఅధికారుల నాయకత్వం కొరవడిందన్న మాటలు అలా పోయాయి.

ఈ కత్తిరింపుకు చెప్పిన సమర్థన విమర్శకులు ప్రత్యేకంగా గమనించవలసింది. వాంగ్మూలంలో వాస్తవాలే ఉండాలి, అభిప్రాయాలు ఉండకూడదు అన్నారు. వినడానికి ఎంత నిష్పాక్షికంగా ఉంది! కాని “మాకు ఆదేశాలిచ్చే నాథుడే లేడు” అని ఒక కానిస్టేబులు రాస్తే అది అభిప్రాయమా, వాస్తవమా? కిందివాడి అనుభవాన్ని అభిప్రాయమని కొట్టేసి, పైవాడి అభిప్రాయాన్ని వాస్తవమని నిలబెట్టడం సాహిత్యంలో మనకు కొత్త కాదు. ఇక్కడ ఆ పని న్యాయసహాయం పేరుతో జరిగింది. సాక్షికి అండ అన్నది సాక్షి నోరు నొక్కడమైంది. కళ్ల ముందు మనుషులు చనిపోవడం చూసిన కానిస్టేబులు తన మాటనే పోగొట్టుకున్నాడు.

అయినా టేలర్ మోసపోలేదు. పోలీసుల అదుపు విఫలం కావడమే ప్రధాన కారణమని 1989 ఆగస్టులోనే తేల్చాడు. అంతటితో కథ ముగియలేదు. ఆ తర్వాత కరోనర్ ఎదుట జ్యూరీతో జరిగే మరణ విచారణ వచ్చింది. పోలీసుల పక్షాన సంస్థల బలం ఉంది. మృతుల కుటుంబాలకు లీగల్ ఎయిడ్ లేదు. నలభైకి పైగా కుటుంబాలు తలా కొంత వేసుకుని అందరికీ కలిపి ఒకే ఒక్క బారిస్టరును పెట్టుకున్నాయి. 1991లో వచ్చిన తీర్పు “ప్రమాదవశాత్తూ మరణం.”

2012 నివేదిక తర్వాత ఆ తీర్పు రద్దయింది. 2014లో వారింగ్టన్‌లో మళ్లీ విచారణ మొదలైంది. ఈసారి మాజీ పోలీసు అధికారుల న్యాయవాదులతో పాటు కుటుంబాల న్యాయవాదులకు కూడా ప్రజాధనం నుంచే చెల్లించారు. 2016 ఏప్రిల్ 26న జ్యూరీ ఆ మరణాలు చట్టవిరుద్ధమైన హత్యలని, అభిమానుల ప్రవర్తన అందుకు కారణం కాదని తీర్పు చెప్పింది. డబ్బు ఒక్కటే దీన్ని సాధించిందని నేననను. కొత్త ఆధారాలు, ఆ కుటుంబాల పాతికేళ్ల పైచిలుకు పోరాటం లేకపోతే ఏదీ కదిలేది కాదు. కాని ఆ ఆధారాలను పట్టుకుని ప్రశ్నించగల గొంతు రెండు వైపులా ఉండడం కూడా చిన్న విషయం కాదు.

వాంగ్మూలాలు మార్చినందుకు ఇద్దరు మాజీ పోలీసు అధికారులపైన, అప్పటి ఒక న్యాయవాదిపైన పెట్టిన కేసు 2021లో వీగిపోయింది. టేలర్ విచారణ న్యాయస్థానం కాదు కనుక, దానికోసం ఇచ్చిన వాంగ్మూలాలు మార్చడం న్యాయప్రక్రియను వక్రీకరించిన నేరం కిందికి రాదని న్యాయమూర్తి అన్నాడు. సత్యం చెప్పడానికే పెట్టిన విచారణలో సత్యానికి చట్టరక్షణ లేదని దాని అర్థం!

కుటుంబాలు కోరింది సానుభూతి కాదు, సమానమైన అవకాశం. ప్రభుత్వ సంస్థకు న్యాయవాది ఉన్న మరణ విచారణలో మృతుల కుటుంబానికీ ప్రభుత్వమే న్యాయసహాయం ఇవ్వాలని 2017లో బిషప్ జేమ్స్ జోన్స్ నివేదిక చెప్పింది. ఆ సహాయంతో పాటు, విచారణలలో అధికారులు నిజం దాచకుండా చెప్పడం చట్టబద్ధమైన బాధ్యతగా చేసే బిల్లు 2025 సెప్టెంబరులో బ్రిటిష్ పార్లమెంటు ముందుకు వచ్చింది. ఈ రెండూ కలిసి ఉండవలసిందే. నిజం చెప్పే బాధ్యత లేని సాక్షి మీద పెట్టే ఖర్చు, సంస్థ తన కోసం కుట్టించుకునే కవచం ఖర్చే.

మన పత్రికలలో “కాల్పులు జరిగాయి” అన్న వాక్యం తరచు కనిపిస్తుంది. కాల్చింది ఎవరో ఆ వాక్యంలో లేదు. కర్త లేని వాక్యాన్ని చూసినప్పుడు కర్తను ఎవరు తీసేశారని అడగడం విమర్శకుడి పని. ఆ తీసివేతకు ఎవరి డబ్బు ఖర్చయిందని అడగడం కూడా అతని పనే.