పసుపుపచ్చ పూల మొక్కలు: ఏవి ఉంచాలి, ఏవి తీయాలి?

వానలు పడిన కొద్ది రోజులకే బ్రాడీపేట లైన్లలోని ఇళ్ల పెరళ్లలోను, ఆలయ ప్రాంగణాలలోను ఎవరూ విత్తని మొక్కలు పసుపుపచ్చగా పూస్తాయి. తోటసేవకు వచ్చే భక్తులు వాటన్నిటినీ ఒకేగాటన పెరికివేయనక్కరలేదు.

నేలను అంటి పాకుతూ అయిదు రేకుల పూలు పూసేది పల్లేరు. గోక్షురమనే పేరుతో ఆయుర్వేదంలో ప్రసిద్ధమే అయినా, వట్టి పాదాలతో ప్రదక్షిణ చేసే చోట ఆ ముళ్లకాయ ఉండరాదు. దళసరి ఆకులు, ఎర్రని కాడలు గలది గంగపాయల కూర, పప్పులోకి శ్రేష్ఠం. అయితే కాడ తుంచినప్పుడు పాలు కారితే అది గంగపాయల కాదు, తినరాదు. మూడేసి ఆకుల పులిచింతను నిశ్చింతగా ఉంచవచ్చు. తంగేడునైతే కలుపుగా ఎంచడమే తగదు.

జాగ్రత్త వహించవలసినది బ్రహ్మదండి విషయంలో. ఆకు అంచున ముళ్లు, ఈనెల వెంట తెల్లని చారలు, తుంచితే పసుపుపచ్చని పాలు దీని గుర్తులు. పేరులో బ్రహ్మ ఉన్నాడని ఉపేక్షించరాదు. దీని నల్లని గింజలు ఆవాలను పోలి ఉంటాయి. వాటి నూనె విషం. 1998లో ఢిల్లీలో ఆ నూనె కలిసిన ఆవనూనె వాడినవారికి కాళ్లు వాచి, ఊపిరి ఆడక, 60 మందికి పైగా మరణించారు. అన్నప్రసాదానికి ఆవాలు, నూనె సమర్పించే దాతలు నమ్మకమైన చోటనే కొనాలి. తోటలో కనిపించిన బ్రహ్మదండిని కాయ పగలకముందే, చేతికి తొడుగు వేసుకుని, వేరుతో సహా తీయాలి. ఎరువు కుప్పలో మాత్రం వేయరాదు.