బీపీ తాతల నుంచి వచ్చిందా, వరద నుంచి వచ్చిందా?

కర్నూలు పాతబస్తీలో బీపీ మాట ఎత్తితే చాలా ఇళ్లల్లో ఒకటే జవాబు వస్తుంది. "మా జేజికీ బీపీనే, మా నాయనకీ బీపీనే, ఇంగ నాకు రాకుండా ఎట్లుంటుంది?" అంటారు. ఆ మాటలో నిజం ఉంది. అయితే అదే ఇంట్లో ఇంకాసేపు కూర్చుంటే ఇంకో మాట కూడా బయటికొస్తుంది. వరదప్పటి నుంచి నిద్ర సరిగా పట్టదు, వాన గట్టిగా కురిస్తే గుండె దడదడలాడుతుంది, రాత్రి మూడింటికి మెలకువొచ్చి మళ్లీ కన్ను మూతపడదు. ఈ రెండు మాటలకూ సంబంధం ఉంటుందని ఇంట్లోవాళ్లు అనుకోరు. బీపీ మిషన్ కట్టి చూసే డాక్టరు చాలాసార్లు అడగరు కూడా. కానీ సంబంధం ఉంది.

2009 అక్టోబర్ 2 శుక్రవారం. రంజాన్ పండుగ అయ్యి రెండు వారాలు కూడా కాలేదు. పైన తుంగభద్ర, పక్కన హంద్రీ ఒకేసారి పొంగాయి. కింద శ్రీశైలం జలాశయానికి ఎన్నడూ లేనంతగా, సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిపడింది. రెండు ఏర్లు కలిసే చోట ఉన్న కర్నూలు నీళ్లలో మునిగింది. జనం మిద్దెలెక్కి చీకట్లో, ఆకలితో, పిల్లల్ని గుండెలకు హత్తుకుని గడిపారు. నీళ్లు తీశాక ఇంట్లో బురద తప్ప ఏమీ మిగలనివాళ్లు వేలల్లో ఉన్నారు. కడప వైపు వస్తే 2021 నవంబర్ 19 తెల్లవారుజామున, రాజంపేట దగ్గర చెయ్యేరు మీద కట్టిన అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. పులపుత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లమీదికి నీళ్లు ఒక్కసారిగా దూకాయి. కరువు సీమ అని పేరుపడ్డ నేలలో మనుషుల్ని ఎక్కువగా భయపెట్టింది నీళ్లే కావడం విచిత్రం. వరద ఒక్కటే కాదు. ఫ్యాక్షన్ గొడవల్లో ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాళ్లు, హైవే ప్రమాదాల్లో చావు అంచుదాకా వెళ్లి వచ్చినవాళ్లు ఈ రెండు జిల్లాల్లో ఎంతోమంది.

ఇలాంటివి చూశాక కొన్నాళ్లు నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం మామూలే. ఎక్కువమంది నెలా రెణ్నెల్లలో తేరుకుంటారు. కొందరిలో అది నెల దాటినా తగ్గదు. జరిగింది కళ్ల ముందు మళ్లీ జరుగుతున్నట్టు ఉంటుంది, పీడకలలు వస్తాయి. ఆ చోటు వైపు, ఆ మాట వైపు పోవడానికి మనసు ఒప్పదు. నవ్వడం, కలవడం తగ్గిపోతాయి. తలుపు గట్టిగా కొట్టినా ఒళ్లు అదురుతుంది. వైద్యులు దీన్నే పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, పొట్టిగా పీటీఎస్‌డీ అంటారు. మన ఇళ్లల్లో దానికి ఆ పేరు ఉండదు. "గాబరా" అంటారు, "గుండెదడ" అంటారు, ఆడవాళ్లయితే "ఏమో, ఒంట్లో బాగుండదు" అని ఊరుకుంటారు. కొన్ని ఇళ్లల్లో నజర్ అనో గాలి అనో తాయెత్తు కట్టిస్తారు. జబ్బు పేరు తెలియకపోయినా ఒళ్లు మాత్రం దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది.

ఆ పని ఏమిటో చూద్దాం. ప్రమాదం కనబడగానే మెదడు నరాల ద్వారా గుండెకు, రక్తనాళాలకు, కిడ్నీల పైనున్న గ్రంథులకు కబురు పంపుతుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, నాళాలు బిగుసుకుంటాయి, కిడ్నీలు ఉప్పునూ నీటినీ బయటికి వదలకుండా పట్టి ఉంచుతాయి. బీపీ పెరుగుతుంది. పరుగెత్తడానికో, మిద్దె ఎక్కడానికో ఆ నిమిషంలో అది అవసరం. ప్రమాదం దాటాక అన్నీ సర్దుకోవాలి. పీటీఎస్‌డీ ఉన్నవారిలో ఈ గంట పూర్తిగా ఆగదు. ఎవరో ట్యాంకు నింపుతున్న చప్పుడు చాలు, మళ్లీ మోగుతుంది.

రాత్రి సంగతి ఇంకా ముఖ్యం. ఆరోగ్యంగా ఉన్న మనిషి నిద్రపోతే బీపీ పగటికన్నా 10 నుంచి 20 శాతం దాకా దిగుతుంది. గుండెకు, నాళాలకు దొరికే విశ్రాంతి అదే. పీడకలలతో, కలత నిద్రతో రాత్రులు గడిచేవారికి ఆ దిగడం సరిగా జరగదు. పగలు క్లినిక్‌లో చూస్తే 130 ఉన్న మనిషికి రాత్రి కూడా అంతే ఉంటే, గుండెకూ కిడ్నీలకూ పక్షవాతం పరంగా మెదడుకూ ముప్పు ఎక్కువ.

1995 జనవరిలో జపాన్‌లోని కోబే ప్రాంతాన్ని భూకంపం కుదిపేసింది. అక్కడ అంతకుముందు నుంచే బీపీకి చికిత్స పొందుతున్నవారిని వైద్యులు గమనించారు. భూకంపం తర్వాత చాలామందిలో బీపీ పెరిగింది, కొన్ని వారాల్లో దిగింది. అయితే మూత్రంలో కొద్దికొద్దిగా ప్రొటీన్ పోతున్నవాళ్లలో, అంటే కిడ్నీలు అప్పటికే కాస్త దెబ్బతిన్నవాళ్లలో, అంత త్వరగా దిగలేదు. ఒకే భూకంపం, ఒకే భయం. ఫలితం మాత్రం ఎవరి ఒంటిని బట్టి వాళ్లకు.

అమెరికాలో 47 వేలకు పైగా నర్సులను 22 ఏళ్లపాటు గమనించిన అధ్యయనం 2016లో వచ్చింది. దెబ్బతిన్న అనుభవంతో పాటు పీటీఎస్‌డీ లక్షణాలు ఎంత ఎక్కువగా ఉంటే, తర్వాతి కాలంలో బీపీ వచ్చే అవకాశం అంత పెరుగుతూ పోయింది. అందులో కొంత భాగం బరువు పెరగడం, సిగరెట్ లాంటి అలవాట్ల ద్వారా వచ్చిందే. భయం నేరుగా కొట్టే దెబ్బ ఒకటైతే, భయంతో మనిషి బతికే తీరు మారిపోవడం వల్ల తగిలే దెబ్బ ఇంకొకటి. బయటికి నడవడానికి భయం, నిద్ర లేక పొద్దస్తమానం టీ, మగవాళ్లయితే బీడీ, కొందరికి మందు.

ఇక వంశం సంగతి. బీపీలో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో 30 నుంచి 50 శాతం దాకా జన్యువులకు ముడిపడి ఉంటాయని కవలల మీద, కుటుంబాల మీద చేసిన అధ్యయనాలు చెబుతాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. తండ్రి నుంచి కొడుక్కి "బీపీ జన్యువు" అని ఒకటేదో దిగడం కాదు ఇది. 2018లో పది లక్షలమందికి పైగా మనుషుల జన్యువులను పరిశీలించిన అధ్యయనం వచ్చేసరికి, బీపీతో సంబంధమున్న చోట్లు 900 దాటాయి. ఒక్కోటి చేసే పని గోరంత. కిడ్నీ ఉప్పును ఎంత పట్టి ఉంచుతుంది, నాళం ఎంత బిగుసుకుంటుంది అన్నదాన్ని ఒక్కోటి కాస్త అటో ఇటో జరుపుతుంది. ఒక కుటుంబానికి అటువైపు జరిపేవి కాసిని ఎక్కువ దొరికితే ఆ ఇంట్లో బీపీ తరచుగా కనబడుతుంది. అందుకే మేనరికం లేని ఇళ్లల్లోనూ బీపీ ఉంది, మేనరికాలున్న ఇళ్లల్లో బీపీ లేనివాళ్లూ ఉన్నారు.

పీటీఎస్‌డీకి కూడా జన్యువుల పాలు ఉంది. ఒకే మిద్దె మీద ఒకే రాత్రి గడిపిన అక్కాచెల్లెళ్లలో ఒకరు తేరుకుని ఇంకొకరు తేరుకోకపోవడానికి ఇది ఒక కారణం. 2024లో 12 లక్షలమందికి పైగా సమాచారంతో వచ్చిన అధ్యయనం పీటీఎస్‌డీతో సంబంధమున్న 95 చోట్లను గుర్తించింది. అలాగని తేరుకోనివాళ్లది పిరికితనం కాదు, ఈమాన్ తక్కువై కాదు. ఈ మాట ఇళ్లల్లో గట్టిగా చెప్పుకోవాల్సిందే, ఎందుకంటే ఆ నింద భయంకన్నా ఎక్కువ బాధపెడుతుంది.

మరి బీపీ గానీ గుండెజబ్బు గానీ వచ్చింది జన్యువుల వల్లా, భయం వల్లా? దీన్ని విడదీయడానికి కవలలకన్నా మంచి దారి లేదు. అమెరికాలో వియత్నాం యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసిన కవల అన్నదమ్ముల జాబితా ఒకటి ఉంది. అందులో 281 జంటలను ఏళ్లతరబడి గమనించి, 2013లో ఫలితాలు ప్రకటించారు. ఇది గుండెజబ్బు మీద చేసిన అధ్యయనం, బీపీ మీద కాదు. కానీ బీపీ దారితీసేది చివరికి అక్కడికే. పీటీఎస్‌డీ ఉన్నవాళ్లలో 22.6 శాతానికి గుండెజబ్బు వచ్చింది, లేనివాళ్లలో 8.9 శాతానికి. తర్వాత అన్నదమ్ముల్లో ఒకరికి పీటీఎస్‌డీ ఉండి ఇంకొకరికి లేని జంటలను మాత్రమే తీసుకున్నారు. ఒకే తల్లి, ఒకే ఇల్లు, ఒకే తిండి. అప్పుడు తేడా తగ్గింది గానీ పోలేదు: 22.2 శాతం, 12.8 శాతం. తగ్గినంత మేర వంశానిది, పెంపకానిది. మిగిలిన తేడాను వాటి ఖాతాలో వేయలేం.

"మా ఇంట్లో అందరికీ ఉంది" అన్న మాటను కూడా ఇప్పుడు ఇంకోలా చూడొచ్చు. ఒక కుటుంబం పంచుకునేది రక్తమొక్కటే కాదు. ఒకే ఊరగాయ జాడీ, ఒకే ఉప్పు డబ్బా, అదే వరద. జేజికి, నాయనకు, కొడుక్కి బీపీ ఉంటే అందులో తాతల పాలు ఎంతో, 2009 పాలు ఎంతో ఒక్క చూపులో తేల్చలేం. తాతల పాలు మన చేతుల్లో లేదు. మిగిలినది చాలావరకు ఉంది.

తల్లి పడ్డ భయం బిడ్డకు రక్తంలో దిగుతుందా అని కూడా జనం అడుగుతుంటారు. ఒంట్లో ఒత్తిడి హార్మోన్‌ను అదుపుచేసే ఎఫ్‌కేబీపీ5 అనే జన్యువు ఉంది. చిన్నప్పుడు హింసకు గురైనవారిలో ఈ జన్యువు ఏ రకానిదో దాన్నిబట్టి పెద్దయ్యాక పీటీఎస్‌డీ లక్షణాలు మారాయని 2008లో ఒక అధ్యయనం చెప్పింది. నాజీల నరమేధం నుంచి బయటపడ్డ యూదుల పిల్లల్లో కూడా ఈ జన్యువు మీద గుర్తులున్నాయని 2015లో ఇంకొకటి వచ్చింది. పత్రికలు దాన్ని పెద్దది చేసి రాశాయి. పట్టుమని యాభై కొద్దిమంది మీద చేసిన పని అది, దానిమీద ఆధారపడి ఎవరూ బెంగ పెట్టుకోనక్కర్లేదు. రోజూ ఉలిక్కిపడే తల్లి పక్కన పెరిగే పిల్లాడు ఉలిక్కిపడటం నేర్చుకుంటాడు. అది మాత్రం ఏ ల్యాబూ లేకుండానే కనబడుతుంది.

మందుల కథ కూడా ఆసక్తిగా ఉంటుంది. ప్రాజోసిన్ అనేది పాత బీపీ మాత్ర. అడ్రినలిన్ కుటుంబపు హార్మోన్ల దెబ్బను అడ్డుకుంటుంది. దాన్ని పీటీఎస్‌డీ పీడకలలకు కూడా వాడారు, కొందరికి బాగా పనిచేసింది. కానీ 2018లో మాజీ సైనికుల మీద చేసిన పెద్ద పరీక్షలో ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగ్గా రాలేదు. లోసార్టాన్ సంగతీ అంతే. ఆ రకం బీపీ మాత్రలు వాడేవారిలో పీటీఎస్‌డీ లక్షణాలు తక్కువగా ఉన్నాయని 2012లో అట్లాంటా ఆసుపత్రి రోగుల్లో కనబడింది. తీరా 2021 నాటి పరీక్షలో అది పీటీఎస్‌డీని తగ్గించలేదు. అంటే బీపీ మాత్ర బీపీని దింపుతుంది, భయాన్ని దింపుతుందని నమ్మకం లేదు. భయానికి వేరే చికిత్స కావాలి. జరిగినదాన్ని నేర్పు తెలిసినవారి దగ్గర కొంచెంకొంచెంగా చెప్పుకుని దాని పట్టు సడలించే కౌన్సెలింగ్ ఉంది, కొందరికి మాత్రలూ అవసరమవుతాయి. అలాగని గాబరా తగ్గితే బీపీ అదే పోతుందని మాత్ర మానేయడం ప్రమాదం. రెండూ నడవాలి.

జన్యు పరీక్ష చేయించుకోమని ఎవరైనా అంటే డబ్బు దండగ. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి బీపీ ఉందంటే అదే పరీక్ష. ఆ ఇంట్లో పిల్లలు 18 దాటాక ఏడాదికోసారైనా బీపీ చూపించుకోవాలి. దేశంలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో 21 శాతానికి, మగవాళ్లలో 24 శాతానికి బీపీ ఎక్కువగా ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆంధ్రప్రదేశ్ లెక్క అంతకన్నా ఎక్కువే. 140/90 దాటి రెండు మూడుసార్లు వస్తే మందు మాట అడగాలి. పీహెచ్‌సీలో చూసినా, కర్నూలు పెద్దాసుపత్రిలోనో కడప రిమ్స్‌లోనో చూసినా, డాక్టరుతో ఒక వాక్యం అదనంగా చెప్పాలి: "వరదప్పటి నుంచి నిద్ర లేదు సార్, పీడకలలొస్తాయి." ఆ ఒక్క వాక్యంతో ఆయన వైద్యం దారి మారొచ్చు. ఆసుపత్రికి పోవడానికి మొహమాటమైతే 14416కు ఫోన్ చేయొచ్చు. ఇది 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు, పేరు చెప్పనక్కర్లేదు. దువా చేయించుకునేవాళ్లు చేయించుకోవచ్చు, మాత్రకూ దువాకూ పోటీ లేదు.

రంజాన్‌లో రోజా ఉండేవాళ్లు నెల మొదలయ్యే ముందే డాక్టరును కలవాలి. రోజుకొక్కసారి వేసుకునే మాత్రను చాలామందికి సెహ్రీకో ఇఫ్తార్‌కో మార్చి ఇస్తారు. మూత్రం ఎక్కువ పోయించే మాత్రలుంటే, మన ఎండల్లో రోజా వస్తే, మోతాదు మార్చాల్సి రావొచ్చు. సొంతంగా మాత్ర ఆపేయకూడదు. అన్నట్టు వరదొచ్చినప్పుడు చీటీలు, మాత్రలు కూడా కొట్టుకుపోతాయి. బీపీ చీటీని ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టుకోవడం రెండు నిమిషాల పని.