నేత్రపీడన చికిత్సలో ఎంజైమ్ నిరోధక చుక్కల మందులు: ఉద్దానం నేపథ్యం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు తదితర మండలాల్లో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి విస్తృతంగా ఉంది. అక్కడ నీటికాసుల వ్యాధికి మందు ఎంచుకోవడం కంటికి మాత్రమే పరిమితమైన నిర్ణయం కాదు.

కంటిలోని సిలియరీ భాగం నేత్రోదకాన్ని నిరంతరం స్రవిస్తుంది. అది సరిగా బయటకు పోకపోతే పీడనం పెరిగి దృక్‌నాడి దెబ్బతింటుంది. ఈ స్రావానికి అవసరమైన బైకార్బనేట్ తయారీని కార్బానిక్ అన్‌హైడ్రేజ్ ఎంజైమ్ వేగవంతం చేస్తుంది. దానిని నిరోధిస్తే స్రావం, దానితోపాటు పీడనం తగ్గుతాయి. 1954లో బెర్నార్డ్ బెకర్ అసిటజోలమైడ్‌తో ఈ ఫలితాన్ని నిరూపించారు.

అయితే ఈ ఎంజైమ్ మూత్రపిండాల్లోనూ, ఎర్ర రక్తకణాల్లోనూ ఉంటుంది. మాత్ర వేసుకుంటే మూత్రంలో బైకార్బనేట్ పోయి రక్తంలో ఆమ్లత పెరుగుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ఈ ఆమ్లత ముందే ఉండవచ్చు. పైగా మందు శరీరంలో పేరుకుపోతుంది.

అందుకే పరిశోధకులు చుక్కల మందు కోసం ప్రయత్నించారు. అసిటజోలమైడ్ శుక్లపటలాన్ని తగినంతగా దాటలేదు. ఆ పటలపు పై పొరను దాటడానికి కొవ్వులో కరిగే గుణం, మధ్య పొరను దాటడానికి నీటిలో కరిగే గుణం అవసరం. అంతేకాక, ఎంజైమ్‌ను దాదాపు పూర్తిగా అణచనిదే స్రావం తగ్గదు. ఎంజైమ్ క్రియాస్థానంలోని జింకును పట్టుకునే సల్ఫోనమైడ్ అణువులను, ఎంజైమ్ త్రిమితీయ నిర్మాణం ఆధారంగా తీర్చిదిద్దగా డోర్జోలమైడ్ రూపొందింది. 2 శాతం ద్రావణంగా 1995లో అమెరికా విపణిలోకి వచ్చింది. ఆమ్లగుణం వల్ల అది కంటిలో మంట పుట్టిస్తుంది. 1998లో వచ్చిన 1 శాతం బ్రింజోలమైడ్ అవలంబనంతో మంట తక్కువ. కానీ చూపు కాసేపు మసకబారుతుంది.

అసిటజోలమైడ్ మాత్ర ఒక్కటి సాధారణంగా 250 మిల్లీగ్రాములు. డోర్జోలమైడ్ చుక్కలో ఉండేది సుమారు 1 మిల్లీగ్రామే. అయినా చుక్కల మందును పూర్తిగా నిరపాయమనుకోరాదు. కన్నీటి నాళం ద్వారా కొంత మందు రక్తంలో చేరి, ఎర్ర రక్తకణాల్లో నెలల తరబడి నిలిచి, ప్రధానంగా మూత్రపిండాల ద్వారానే విసర్జితమవుతుంది. క్రియాటినిన్ క్లియరెన్స్ నిమిషానికి 30 మిల్లీలీటర్ల కన్నా తగ్గినవారికి ఈ చుక్కలను తయారీదారులే సిఫారసు చేయడం లేదు. వారికి లాటానోప్రోస్ట్ వంటి వేరే తరగతి చుక్కలు పరిశీలించదగినవి.

కాబట్టి ఉద్దానం రోగికి ఈ తరగతి మందు రాసే ముందు కంటి పీడనంతోపాటు క్రియాటినిన్‌నూ పరీక్షించడం అవసరం. చుక్క వేసుకున్నాక కంటి లోపలి మూలను రెండు నిమిషాలు వేలితో సున్నితంగా నొక్కి ఉంచితే రక్తంలో చేరే మందు తగ్గుతుందని రోగికి తెలియజేయడమూ చికిత్సలో భాగమే.