గడ్డి కోసే బండికి రెండో బతుకు: ముందు బ్రేకు, తర్వాతే వేగం

ఆదోని, ఎమ్మిగనూరు: గడ్డి కోయడానికి ఒక బండి. దానిపై కూర్చోవడానికి సీటు, తిప్పడానికి స్టీరింగు, నడపడానికి పెట్రోలు ఇంజను. ఆదోని ప్రాంతపు రైతుతో ఈ మాట చెబితే నవ్వి ఊరుకుంటాడు. గడ్డి మొలిస్తే మేయడానికి ఇక్కడ గొర్రెలు, మేకలు ఉన్నాయి. వాన మొహం చాటేసిన ఏడు గడ్డిని వెతుక్కుంటూ మనిషే ఊళ్లు తిరగాలి. గడ్డి ఎక్కువై దాన్ని కోయడానికి ఇంజను పెట్టుకునే అవస్థ ఈ నేలకు ఎన్నడూ రాలేదు.

అయితే అమెరికా, ఇంగ్లండు దేశాల్లో ఇంటి ముందు పచ్చిక పెంచుకునే వారికి ఇది నిత్యావసరం. చూడడానికి చిన్న ట్రాక్టరులా ఉంటుంది. పొట్ట కింద పెద్ద కత్తులు గిరగిరా తిరుగుతూ గడ్డిని కోస్తాయి. ఇది పాతబడితే చాలామంది గుజరీ కొట్టుకు వేయరు. కత్తులు ఊడదీసి, చక్రాలు మార్చి, చట్రానికి బలం కూర్చి, సరదాగా తిరిగే బండిగా మార్చుకుంటారు. అడవి దారుల్లో తిరగడానికి, పందాలు ఆడడానికి, పిల్లలను తోటలో తిప్పడానికి దాన్ని వాడతారు.

దీనితో మనకేం పని అని కొట్టిపారేయడానికి లేదు. పాత యంత్రాన్ని కొత్త పనికి మళ్లించే విద్య పడమటి కర్నూలుకు కొత్త కాదు. లారీ కింద అరిగిన టైర్లు, ఇరుసు తెచ్చి ఎద్దుల బండికి వేసిన ఊళ్లు ఇవి. పాత మోపెడ్, మూలపడిన పంపుసెట్టు ఇంజను, తుప్పు పట్టిన పవర్ టిల్లరు కంటబడితే దీనితో ఏదో ఒకటి చేయాలని చేతులు దురదపెట్టే కుర్రవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వారి చేతికి పని దొరకాలి, కాళ్లూ చేతులూ క్షేమంగా ఉండాలి. గడ్డి బండి కథలో ఈ రెండింటికీ పాఠం ఉంది.

మగ్గం వైపు నుంచి వచ్చిన యంత్రం

గడ్డి కోసే యంత్రం పుట్టుక తెలిస్తే ఎమ్మిగనూరు నేతగాళ్లు ఆశ్చర్యపోతారు. దాన్ని కనిపెట్టిన ఎడ్విన్ బడ్డింగు ఇంగ్లండులో స్ట్రౌడ్ అనే ఊరి సమీపంలో ఉండేవాడు. అది ఉన్ని బట్టల మిల్లుల ప్రాంతం. నేసిన ఉన్ని బట్టపై లేచి ఉండే నూగును సమంగా కత్తిరించడానికి అక్కడి మిల్లుల్లో ఒక యంత్రం వాడేవారు. స్థూపం చుట్టూ అమర్చిన కత్తులు తిరుగుతూ నూగును కోసేవి. బట్ట మీద నూగును కోసే కత్తి నేల మీద గడ్డిని ఎందుకు కోయదని బడ్డింగు ఆలోచించాడు. 1830లో దానికి పేటెంటు పొందాడు. చుట్టుపక్కల వారు చూసి నవ్వుతారని మొదట రాత్రిపూట దాన్ని నడిపి చూసుకునేవాడని చెప్పుకుంటారు.

మొదట్లో ఆ యంత్రాన్ని మనిషే తోసేవాడు. తర్వాత గుర్రాలు లాగాయి. 1902లో ఇంగ్లండులోని రాన్‌సమ్స్ కంపెనీ పెట్రోలు ఇంజనుతో నడిచేదాన్ని అమ్మకానికి తెచ్చింది. ఆ తర్వాత దాని మీద సీటు వచ్చి కూర్చుంది.

1938లో మాచాని సోమప్ప నేతగాళ్లను కూడగట్టి సహకార సంఘం నెలకొల్పిన ఊరు ఎమ్మిగనూరు. పత్తి అంగడికి, జిన్నింగు మిల్లులకు పేరుపడిన ఊరు ఆదోని. యంత్రం ఒక పనికి పుట్టి మరో పనికి పోవడమనేది ఈ రెండు ఊళ్లవారికీ వివరించి చెప్పనక్కరలేదు.

సారాయి అంగడిలో పుట్టిన పందెం

గడ్డి బండిని సరదా బండిగా మార్చడం ఒక క్రీడగా నిలదొక్కుకున్నది 1973లో. ఇంగ్లండులోని విస్‌బరో గ్రీన్ అనే పల్లెలో, ఒక సారాయి అంగడిలో కొందరు మిత్రులు చేరారు. కార్ల పందాలకు లక్షలు పోయాలి, అంత డబ్బు మనకెక్కడిది, తక్కువ ఖర్చుతో ఆడే పందెం ఏదైనా ఉందా అని మాట్లాడుకున్నారు. ప్రతి ఇంటి కొట్టంలోనూ ఒక గడ్డి బండి ఉన్న సంగతి వారికి తట్టింది. అలా బ్రిటిష్ లాన్ మోవర్ రేసింగ్ అసోసియేషన్ ఏర్పడింది. అందులో బహుమతిగా డబ్బు లేదు. ఆడితే ఆనందం కోసం ఆడాలి. పన్నెండు గంటలపాటు ఏకబిగిన సాగే పందెం కూడా వారు నడుపుతారు. కార్ల పందాల్లో జగత్ప్రసిద్ధుడైన స్టిర్లింగ్ మాస్ అంతటివాడు అందులో పాల్గొని గెలిచాడు. అమెరికాలో ఇలాంటి సంఘం 1992లో ఏర్పడింది.

ఈ పందాల్లో తప్పనిసరి నియమం ఒకటుంది. బండి కింది కత్తులు పూర్తిగా తీసేయాలి. కత్తులున్న బండికి పందెంలో చోటు లేదు.

సరదా ఎంత దూరం పోయిందంటే, 2014లో హోండా కంపెనీ కోసం తయారైన ఒక గడ్డి బండి గంటకు 187 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పరుగెత్తి గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. దానిలో మోటారు సైకిలు ఇంజను అమర్చారు. దాని వెనుక పెద్ద కంపెనీ, ఆరితేరిన ఇంజనీర్లు, ఖాళీగా ఉన్న పరీక్షా మైదానం ఉన్నాయి. ఊరి వెల్డింగు షాపు ముందు ఆ మూడూ ఉండవు.

మార్పిడి జరిగే తీరు

మామూలు గడ్డి బండి గంటకు ఏడెనిమిది కిలోమీటర్లు పోతుంది. మనిషి వడిగా నడిస్తే దాని పక్కన నడవవచ్చు. ఇంజను చక్రం ఒక రబ్బరు బెల్టును తిప్పుతుంది. ఆ బెల్టు వెనుక ఇరుసు పెట్టెకున్న చక్రానికి తగులుకుని ఉంటుంది. పిండిమర చూసినవారికి ఈ ఏర్పాటు కొత్త కాదు. ఇంజను వైపు చక్రం పెద్దది చేసి, ఇరుసు వైపు చక్రం చిన్నది చేస్తే వేగం పెరుగుతుంది.

ప్రమాదం మొదలయ్యేదీ ఇక్కడే. ఇంజను వైపు చక్రాన్ని రెట్టింపు చేసి, ఇరుసు వైపు చక్రాన్ని సగం చేశారనుకుందాం. వేగం నాలుగు రెట్లవుతుంది. ఏడు కిలోమీటర్ల బండి ఇరవై ఎనిమిది కిలోమీటర్లు పోతుంది. కానీ దాన్ని ఆపడానికి బ్రేకు పడే శ్రమ నాలుగు రెట్లు కాదు. నాలుగు నాలుగులు పదహారు రెట్లు. నడక వేగానికని తయారైన చిన్న బ్రేకు ఆ బరువు మోయలేదు. అనుభవజ్ఞులు వేగం పెంచడానికి ముందే మోటారు సైకిలు డిస్కు బ్రేకో, కారు బ్రేకో బిగించడానికి కారణం ఇదే.

రెండో చిక్కు గవర్నరు. ఇంజను నిమిషానికి సుమారు 3,600 చుట్లు మించి తిరగకుండా గవర్నరు అదుపు చేస్తుంది. దాన్ని తీసేస్తే ఇంజను రంకెలు వేస్తుంది, కుర్రవాళ్లకు చెవులకింపుగా ఉంటుంది. కానీ లోపల ఉన్నది అల్యూమినియం కనెక్టింగు రాడ్డు. అది విరిగితే ఇంజను గోడ చీల్చుకుని బయటికి వస్తుంది. పోత ఇనుప ఫ్లైవీలు పగిలితే ముక్కలు బాంబులా ఎగురుతాయి.

మూడోది బోల్తా. గడ్డి బండి సన్నగా ఉంటుంది, మనిషి ఎత్తున కూర్చుంటాడు. మెల్లగా పోతున్నప్పుడు ఇది తెలియదు. వేగంగా మలుపు తిప్పితే పక్కకు ఒరుగుతుంది. అందుకే పందెం బండ్ల చట్రాన్ని నేలకు దగ్గరగా దించి, చక్రాల మధ్య ఎడం పెంచుతారు.

నాలుగోది మన ప్రాంతంలో మరీ ముఖ్యం. మూత లేని బెల్టు, మూత లేని చైను. పంచె, లుంగీ, చీర కొంగు, చున్నీ దానిలో పడితే మనిషిని లాక్కుపోతుంది. నూర్పిడి యంత్రాల దగ్గర ఇలాంటి ఘోరాలు పల్లెలకు తెలిసినవే. రెండు అడుగుల రేకు ముక్క, నాలుగు బోల్టులు ఉంటే ఆ ప్రమాదం తప్పుతుంది.

చివరిది చేతి తాడు. పందెంలో నడిపేవాడి మణికట్టుకు ఒక తాడు కట్టి, దాని రెండో కొసను ఇంజను స్విచ్చికి తగిలిస్తారు. మనిషి కింద పడితే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. నడిపేవాడు లేని బండి జనం మీదికి దూసుకుపోదు. దీనికయ్యే ఖర్చు ఒక స్విచ్చి, మూరెడు తాడు, కొంచెం తీగ మాత్రమే.

హైదరాబాదు ముచ్చట, అమ్రేలి అవసరం

తెలుగువారిలో పాత ఇనుముతో సరదా బండ్లు చేసి పేరు తెచ్చుకున్న వ్యక్తి హైదరాబాదుకు చెందిన కె. సుధాకర్. బూటు, వంకాయ, క్రికెట్ బ్యాటు ఆకారాల్లో నడిచే బండ్లు తయారు చేశారు. 2005 జూలై 1న 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిలు నడిపి గిన్నిస్ రికార్డు సాధించారు. 2010లో బహదూర్‌పురాలో, జంతు ప్రదర్శనశాలకు దగ్గరలో తన బండ్లతో మ్యూజియం ప్రారంభించారు. అవి చూసి ఆనందించడానికి చేసిన బండ్లు, సంతకు సరుకు మోయడానికి చేసినవి కావు.

అవసరం కోసం బండి మార్చిన రైతు కథ గుజరాత్‌లో ఉంది. అమ్రేలి జిల్లా కూడా మన పడమటి తాలూకాల్లాగా వాన మీద ఆధారపడిన మెట్ట ప్రాంతం. అక్కడి మోటా దేవళియా గ్రామానికి చెందిన మన్‌సుఖ్‌భాయ్ జగానీ కరువు కాలంలో ఎద్దులను మేపలేక, కూలీలు దొరకక పడుతున్న అవస్థ చూశాడు. 1994 ప్రాంతంలో బుల్లెట్ మోటారు సైకిలు వెనుక చక్రం తీసేసి, ఆ చోట రెండు చక్రాలు, గుంటక తగిలించే కడ్డీ అమర్చాడు. దానితో దున్నవచ్చు, విత్తవచ్చు, సాళ్ల మధ్య కలుపు తీయవచ్చు. రెండు లీటర్ల డీజిలుతో అరగంటలో ఎకరా పని ముగుస్తుందని చెప్పే ఈ బండికి బుల్లెట్ సాంతీ అని పేరు. సాంతీ అంటే అక్కడి రైతుల సేద్యపు పనిముట్టు. నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ ఆయన్ను గుర్తించింది, పేటెంటు వచ్చింది.

కోసిగి, పెద్దకడుబూరు వైపు పత్తి, వేరుశనగ రైతులు ఈ కథను ఒకసారి తలచుకోవాలి. ఊళ్లకు ఊళ్లు గుంటూరు వైపు వలస పోయినప్పుడు మిగిలిన ముసలివారు సాళ్లలో కలుపు ఎలా తీస్తారన్నది ఏటా ఎదురయ్యే ప్రశ్న. కాడెద్దులున్న ఇల్లు తగ్గిపోతున్నది. పాత ఇంజను చేతిలో ఉన్న కుర్రవాడు పందెం బండి చేస్తే నాలుగు రోజులు ముచ్చట. కలుపు బండి చేస్తే ఊరికి ఉపకారం. విద్య రెండింటికీ ఒక్కటే.

రోడ్డెక్కితే చట్టం

సొంతంగా చేసిన బండి తోటలో, పొలంలో తిరిగినంతకాలం ఒక లెక్క. రోడ్డెక్కితే వేరే లెక్క. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ తయారు చేసిన తీరుకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని ప్రతి మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించే వీలు కల్పించారు. ఉత్తరాదిన పంపుసెట్టు ఇంజన్లతో చేసే జుగాడ్ బండ్లు కూడా మోటారు వాహనాలేనని, చట్టానికి లోబడాలని 2013లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

జరిమానా కన్నా పెద్ద భయం మరొకటుంది. రిజిస్ట్రేషను లేని బండికి బీమా ఉండదు. అది ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం చెల్లించవలసింది యజమానే. ఒక్క సాయంత్రపు సరదాకు రెండెకరాల చేను అమ్ముకోవలసిన గతి పట్టవచ్చు.

ఏటా జనవరిలో, పుష్య పౌర్ణమి ప్రాంతంలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర జరుగుతుంది. పశువుల సంత కూడుతుంది, ఎద్దులు బండలాగుతాయి. బండలాగే ఎద్దును పందానికి దించే ముందు రైతు దాని గిట్టలు చూస్తాడు, పగ్గం చూస్తాడు, ముకుతాడు లాగి చూస్తాడు. ఎద్దు బలం మీద ఎంత నమ్మకమున్నా, ఆగమంటే ఆగుతుందా లేదా అన్నదే ముందు తేల్చుకుంటాడు. ఇంజనుకు కొత్త బతుకు ఇవ్వదలచిన కుర్రవాడు చేయవలసిందీ అదే. ముకుతాడు లేని ఎద్దును ఎవరూ జాతరకు తోలుకుపోరు.