లెక్కలో అందరూ ఉన్నారా?



ఫలానా జబ్బు ఇన్ని లక్షలమందికి ఉందని పేపర్లో చదువుతాం. ఎవరిని పరీక్షించి ఆ లెక్క తీశారో కూడా చూడాలి.

ఒకప్పుడు మన దేశంలో హెచ్.ఐ.వి. అంచనాలు ఎక్కువగా ప్రభుత్వ ఆసుపత్రులకు వచ్చే గర్భిణుల, సుఖవ్యాధుల రోగుల రక్తపరీక్షలనుబట్టి వేసేవారు. గుంటూరు జిల్లాలో ఇళ్ళకు వెళ్ళి పరీక్షించగా, ఆ అంచనాలో సగం కూడా రాలేదని 2006లో ఒక అధ్యయనం తెలిపింది. పేదలు ఎక్కువగా ప్రభుత్వ ఆసుపత్రికే వెళ్తారు. పాజిటివ్ వచ్చినవారిని ప్రైవేటు ఆసుపత్రులు అక్కడికే పంపేవి. 2007లో దేశం మొత్తం అంచనాను 50 లక్షలకు పైనుండి సుమారు 25 లక్షలకు సవరించారు. జబ్బు ఒక్కసారిగా తగ్గలేదు, లెక్క సరిపడింది.

ఇది మనుషులను ఎంచుకోవడంలో వచ్చే తేడా. మరో రెండు ఉన్నాయి.

దొరకనివారు: ఇంటికి తాళం వేసి వలసపోయినవారు, లారీ డ్రైవర్లు, పరీక్ష వద్దన్నవారు ఇంటింటి సర్వేలో తప్పిపోతారు. వారిలో జబ్బు ఎక్కువుంటే లెక్క తక్కువ వస్తుంది.

దాచిన జవాబు: అత్తగారి ఎదుట కోడలిని, పిల్లల ఎదుట తండ్రిని అడిగితే నిజం బయటికి రాదు.

సర్వేకు వచ్చినవారిని విడిగా మాట్లాడమనండి. వివరాలు రహస్యంగా ఉంచుతారా అని అడగండి. ఇష్టమైతేనే ఒప్పుకోండి, ఒప్పుకుంటే నిజమే చెప్పండి. మందులు, కేంద్రాలు ఈ లెక్కలు చూసే కేటాయిస్తారు. తప్పిపోయిన ఒక్క గొర్రెను వెదకిన కాపరివలె, లెక్కకు రానివారిని కూడా తలచుకోవాలని మేము కోరుతున్నాము.