వార్తల్లో పదం: ఆన్‌విఫ్

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఇంటి గుమ్మానికి సీసీ కెమెరా ఇప్పుడు వింతేమీ కాదు. 2024 ఏప్రిల్‌లో కేంద్రం ఈ కెమెరాలకు భద్రతా ప్రమాణాలు ప్రకటించాక వాటి గురించిన చర్చ కూడా పెరిగింది. కొనేటప్పుడు పెట్టె మీద వెతకాల్సిన మాట ఒకటుంది: ఆన్‌విఫ్. 2008లో యాక్సిస్, బాష్, సోనీ కలిసి మొదలుపెట్టిన ఉమ్మడి ప్రమాణమిది. ఒక కంపెనీ కెమెరా మరో కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు అర్థమయ్యేలా చేస్తుంది. అది లేకపోతే చాలాసార్లు ఆ కంపెనీ యాప్‌కే కట్టుబడి ఉండాలి.

ఆన్‌విఫ్ కెమెరా అయితే ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే చాలు. ఒకటి రెండు కెమెరాలను చూడటానికి ఉచితంగా దొరికే వీఎల్‌సీ ప్లేయర్ సరిపోతుంది. కెమెరా ఆర్‌టీఎస్‌పీ చిరునామాను (దాని వీడియో ప్రసారపు లింకును) ‘ఓపెన్ నెట్‌వర్క్ స్ట్రీమ్’లో ఇస్తే బొమ్మ వస్తుంది. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనడం దండగే అంటాను. కదలిక కనబడగానే రికార్డు కావాలంటే మాత్రం లైనక్స్ మీద నడిచే జోన్‌మైండర్ ఉంది, అదీ ఉచితమే. కాస్త ఓపిక కావాలి.

అసలు ఖర్చు నిల్వది. సెకనుకు 2 మెగాబిట్ల వీడియో రోజంతా రికార్డయితే దాదాపు 21 జీబీ. నెలకు 650 జీబీ దాకా! ఇక కెమెరాతో వచ్చిన పాస్‌వర్డ్‌ను మొదటి రోజే మార్చేయండి.